ఇందూరు నేల మీద పరిశోధనలు: ఉక్కు, నీరు, చెరకు, పసుపు

ఇందూరు అనే పాత పేరున్న నిజామాబాద్ ప్రాంతానికి ఆధునిక శాస్త్రం ఉక్కును వెతుక్కుంటూ వచ్చింది. 1820లో హెన్రీ వెస్లీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇప్పటి కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముందర్‌లో ఆగి, అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు కరిగించే తీరును దగ్గరుండి చూసి రాసిపెట్టుకున్నాడు. కర్నల్ లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో ఆయన వైద్యుడు కూడా. 1824లో ఆయన చనిపోయాడు. రాసిపెట్టిన వివరాలు 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఆ తర్వాతి రెండు వందల ఏళ్లలో వైద్యులు, శాసన పరిశోధకులు, ఆనకట్టల ఇంజనీర్లు, వంగడాలు తయారుచేసేవారు, చక్కెర రసాయన శాస్త్రజ్ఞులు, ఔషధ పరిశోధకులు ఎవరి ప్రశ్నతో వాళ్లు ఈ నేల మీదికి వచ్చారు, లేదా ఈ నేల పండించే పంటను తమ ప్రయోగశాలలకు తీసుకుపోయారు. ఇంత చిన్న ప్రాంతంలో ఇన్ని శాస్త్రాలు పనిచేయడం విశేషమే. అయితే ఒక శాస్త్రానికి తెలిసినది పక్క శాస్త్రానికి అందిందా లేదా అన్నదాని మీదే ఇక్కడి రైతు బాగోగులు చాలావరకు ఆధారపడ్డాయి.

కోనసముందర్ ఉక్కుకు కొనుగోలుదారులు పర్షియా నుంచి వచ్చేవారు. వాయిసీ వెళ్లినప్పుడు ఇస్ఫహాన్ వర్తకుడు ఒకడు ఆ ఊళ్లోనే మకాం వేసి, సరుకు నాణ్యతను తానే చూసుకుంటున్నాడు. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును మూడు పాళ్లు, రెండు పాళ్లుగా కలిపి మూసలో పెట్టడం అక్కడి పద్ధతి. ఒకదానిలో కర్బనం ఎక్కువ, ఇంకొకదానిలో తక్కువ ఉంటే రెండూ కలిసి కరిగినప్పుడు కావలసిన పాళ్లలో కర్బనం గల ఉక్కు వస్తుందని ఇప్పటి లోహశాస్త్రం వివరిస్తుంది. కమ్మరులకు కర్బనం లెక్క తెలియదు, ఏ ఇనుము ఎంత కలపాలో మాత్రం తెలుసు. ఇలా మూసలో కరిగించిన దక్కను ఉక్కే వూట్జ్ పేరుతో పశ్చిమాసియాకు చేరి, డమాస్కస్ కత్తులుగా లోకమంతా పేరు తెచ్చుకుంది.

దాదాపు అదే కాలంలో, 1819లో, లండన్‌లో మైకేల్ ఫారడే భారతదేశపు వూట్జ్ ముక్కలను విశ్లేషించాడు. విద్యుత్తు మీద పనిచేసి పేరు పొందకముందు ఆయన చేసిన తొలి పరిశోధనల్లో ఇదొకటి. ఆ ఉక్కు బలమంతా అల్యూమినా, సిలికాల వల్ల వచ్చిందని ఆయన అనుకున్నాడు. ఆ ఊహ సరికాదని తర్వాత తేలింది. కానీ అదే పనిని కొనసాగిస్తూ జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి చేసిన మిశ్రమ ఉక్కుల ప్రయోగాలు ఆ రంగానికే పునాది వేశాయి. ఒక పక్క ఊళ్లో నిలబడి పద్ధతి చూసినవాడు, ఇంకో పక్క ప్రయోగశాలలో ముక్కను పరీక్షించినవాడు. ఇద్దరి రాతలనూ పక్కపక్కన పెట్టి చదవడానికి చాలా కాలం పట్టింది. 1980లలో థెల్మా లో అనే అమెరికన్ పరిశోధకురాలు దక్కను మూసల ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, మూస మట్టిలో కలిపిన వరి ఊక పనితనాన్ని బయటపెట్టింది. ఊక మాడి మిగిల్చిన కర్బనం, సిలికా మూసకు బలాన్నిచ్చి, అంత వేడికీ కుంగకుండా నిలబెట్టాయి. వరి పండే ఊరి కమ్మరి చేతిలో ఊకే కొలిమి సామగ్రి అయింది. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు ఒక పాత డమాస్కస్ కత్తిలో కర్బన నానో గొట్టాలు ఉన్నట్టు ప్రకటించారు. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి పాత కొలిముల జాడలు, చిట్టెం కుప్పలు నమోదు చేశాయి. గిల్ జూలెఫ్ వంటి పురావస్తు లోహశాస్త్ర నిపుణులతో పాటు స్థానిక చరిత్ర తెలిసిన జైకిషన్ కూడా ఆ బృందంలో పనిచేయడం వల్ల ప్రయోగశాల జ్ఞానం, ఊరి జ్ఞాపకం ఒకచోట చేరాయి. ఈ ప్రాంతంలో జరిగిన పరిశోధనల్లో ఆదర్శంగా చెప్పదగినది ఇదే.

రెండో రంగం వైద్యం. స్కాట్లండ్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్‌లో పనిచేస్తుండగా కుష్ఠురోగులు చికిత్స లేక, ఊళ్లో చోటు లేక పడుతున్న అవస్థను చూసి వారికోసం ప్రత్యేక ఆసుపత్రి కట్టాలని నిశ్చయించుకుంది. స్థానిక దాత నర్సాగౌడ్ ముందుకొచ్చి ఇచ్చిన విరాళంతో 1915 నాటికి డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. అప్పటికి కుష్ఠుకు ఉన్న మందు చాల్‌ముగ్రా నూనె ఒక్కటే. తాగితే వాంతి, సూదితో ఎక్కిస్తే నొప్పి. దాన్ని భరించగలిగేలా మార్చే ప్రయత్నాలు కలకత్తా ఉష్ణమండల వైద్య కళాశాలలో ఎర్నెస్ట్ మ్యూర్ చేస్తుంటే, అలాంటి చికిత్సను ఏళ్ల తరబడి రోగుల మీద నడిపి, ఎవరికి ఎంత మేలు జరిగిందో రాసిపెట్టే పని డిచ్‌పల్లి వంటి ఆసుపత్రులు చేశాయి. ప్రయోగశాలలో పుట్టిన మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేలేది ఇలాంటి చోటే. 1923లో ఇసబెల్ కెర్‌కు కైసర్-ఎ-హింద్ పతకం లభించింది. 1932లో ఆమె మరణించింది.

డిచ్‌పల్లిలో పనిచేసిన వైద్యుల్లో జాన్ లో పేరు తప్పక చెప్పుకోవాలి. ఇక్కడ రోగులను చూస్తూ నేర్చుకున్న ఆయన కలకత్తాకు వెళ్లి పరిశోధకుడయ్యాడు. 1940ల చివర నైజీరియాలోని ఉజువాకోలిలో డాప్సోన్ మాత్రలను నోటితో ఇచ్చి, అతి తక్కువ ఖర్చుతో కుష్ఠును అదుపు చేయవచ్చని నిరూపించిన వైద్యుల్లో ఆయన ముందున్నాడు. సూది అక్కర్లేని ఆ మాత్రే పేద దేశాల్లో లక్షల మందికి అందింది. నిజామాబాద్ పక్కన ఒక చిన్న రైలు స్టేషను ఊళ్లో సంపాదించిన అనుభవం ఆఫ్రికాలో అక్కరకొచ్చింది.

ఇదే కాలంలో నిజామాబాద్ ప్రాంతంలోని బోధన్‌ను చరిత్రకారులు చదవడం మొదలుపెట్టారు. 1914లో గులాం యజ్దానీ నాయకత్వంలో హైదరాబాద్ పురావస్తు శాఖ ఏర్పడింది. పాళీ గ్రంథాల్లో అస్సక జనపదపు రాజధానిగా కనిపించే పోతన నగరం బోధనేనని చాలామంది పండితులు నిర్ధారించారు. పదహారు మహాజనపదాల్లో గోదావరి తీరాన ఉన్నది అదొక్కటే. 11వ శతాబ్దికి చెందిన త్రైలోక్యమల్ల సోమేశ్వరుని శాసనం బోధన్‌లో దొరికి హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో అచ్చయింది. వేములవాడ చాళుక్యుల తొలి పాలకుడు యుద్ధమల్లుడు బోధన్‌లో నూనె నింపిన బావిలో ఏనుగులకు స్నానం చేయించాడని వారి తామ్రశాసనం చెబుతుంది. అన్ని ఏనుగులకు సరిపడా నూనె దొరికిందంటే ఆ చుట్టుపక్కల నువ్వులు ఎంత పండేవో ఊహించుకోవచ్చు. నీటి కాలువలు రాకముందు ఇది ప్రధానంగా మెట్ట పంటల నేల. చెరువుల కింద మాత్రమే వరి ఉండేది.

ఆ స్థితిని మార్చింది నిజాంసాగర్. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్ రాజ్యంలో జలాశయాల నిర్మాణం ఊపందుకుంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అదే దశలో చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ మంజీరా మీద అచ్చంపేట దగ్గర భారీ రాతి ఆనకట్టకు రూపకల్పన చేశాడు. 1923లో మొదలైన పని 1931లో ముగిసింది. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. ఆ రోజుల్లో పేరున్న కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలలో ఆయన చదివాడు, స్థానిక నేలల మీద, వాగుల మీద ఆయనకు గట్టి పట్టు ఉండేది. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇంజనీర్స్ డేగా జరుపుకోవడం సముచితమైన గౌరవం.

కాలువ తవ్వితే పంట దానంతట అదే రాదు. ఎన్నడూ ఇంత నీరు చూడని నల్లరేగడి, ఎర్ర చల్కల్లో ఏ పంట, ఏ రకం, ఎన్ని తడులు అన్న ప్రశ్నలకు జవాబు కావలసి వచ్చింది. ఒక జవాబు మనుషుల రూపంలో వచ్చింది. కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల నుంచి కాలువ కింద వరి పండించడం తెలిసిన రైతులు వలస వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. వారి ఊళ్లకు ఇవాళ్టికీ క్యాంపులనే పేరు. డెల్టా మాగాణి అనుభవాన్ని వారు ఇక్కడి నేలకు తగ్గట్టు మార్చుకున్నారు. ఇంకో జవాబు రుద్రూరు వ్యవసాయ క్షేత్రం. నిజాంసాగర్ ఆయకట్టుకు తగిన వరి, చెరకు సాగు పద్ధతులు తేల్చడానికి హైదరాబాద్ ప్రభుత్వం నెలకొల్పిన ఆ క్షేత్రం 1964 తర్వాత ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందికి, రాష్ట్ర విభజన తర్వాత ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. చెరకు, వరి ప్రాంతీయ పరిశోధన స్థానంగా ఇప్పటికీ పనిచేస్తోంది. ఆహార సాంకేతిక కళాశాల కూడా రుద్రూరులోనే ఉంది.

చెరకు వంగడాల కథ రుద్రూరులో మొదలు కాలేదు, కోయంబత్తూరులో మొదలైంది. అక్కడ 1912లో చెరకు ప్రజనన కేంద్రం ఏర్పడింది. సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ అక్కడ తలపెట్టిన పని ఆ రోజుల్లో సాహసమే. తీపి ఎక్కువగా ఉన్నా చీడపీడలకు లొంగిపోయే మేలుజాతి చెరకును, ఏటి ఒడ్డున వానాకాలం చివర తెల్లగా పూసే రెల్లుతో సంకరం చేశారు. రెల్లులో తీపి లేదు, కానీ మొండితనం ఉంది. చలికీ, ఎండకూ, నీటి ఎద్దడికీ అది చావదు. అలా పుట్టిన కో 205 రకం 1918లో ఉత్తర భారత రైతుల చేతికి వచ్చింది. 1933లో వచ్చిన కో 419 దక్షిణాదిని దశాబ్దాల పాటు ఏలింది. బోధన్ చెరకు తోటల వంశవృక్షంలో కూడా మంజీరా ఒడ్డున పశువులు మేసే రెల్లు బంధువు ఉందన్నమాట. 1930లలో కోయంబత్తూరులో పనిచేసిన జానకీ అమ్మాళ్ వంటి కణశాస్త్రజ్ఞులు చెరకు క్రోమోజోములను లెక్కపెట్టి, ఈ సంకరాలు ఎందుకు నిలబడుతున్నాయో వివరించారు. వృక్ష ప్రజననం, కణశాస్త్రం చేయి కలిపిన అరుదైన సందర్భమది.

కోయంబత్తూరులో చెరకు బాగా పూస్తుంది కనుక సంకరం అక్కడే చేసి, ఆ విత్తనాన్ని వేర్వేరు రాష్ట్రాల కేంద్రాలకు పంపుతారు. ఆ కేంద్రాలు వేల మొలకల నుంచి తమ నేలకు తగినవి ఏరుకుంటాయి. ఏరివేత ఏళ్ల తరబడి సాగుతుంది. రకం పేరులోనే దాని పుట్టుక తెలుస్తుంది. 87ఎ298లోని ఎ అనకాపల్లికి, 83వి15లోని వి ఉయ్యూరుకు, 83ఆర్23లోని ఆర్ రుద్రూరుకు గుర్తు. ముందున్న అంకె సంవత్సరం. ఇలా ఎంపికైన ప్రతి రకానికీ ఒక ఆయుష్షు ఉంటుంది. గెడ లోపలి గుజ్జును ఎర్రగా మార్చి పులిసిన వాసన తెప్పించే ఎర్రకుళ్ళు తెగులు శిలీంధ్రం తన రూపం మార్చుకుని, నిన్నటిదాకా తట్టుకున్న రకాన్ని ఇవాళ పడగొడుతుంది. ఒకే రకం వేల ఎకరాల్లో ఉంటే నష్టం మరీ ఎక్కువ. కాటుక తెగులు, గడ్డిదుబ్బు తెగులు ముచ్చెల ద్వారా ఒక తోట నుంచి ఇంకో తోటకు పోతాయి. విత్తన ముచ్చెలను వేడి నీటిలోనో వేడి గాలిలోనో శుద్ధి చేయాలని తెగుళ్ల శాస్త్రజ్ఞులు చెప్పింది అందుకే. పీకపురుగు మీద పురుగుమందుకు బదులు ట్రైకోగ్రామా అనే కంటికి ఆనని కందిరీగను వదిలే పద్ధతి కీటకశాస్త్రం ఇచ్చింది. ఆ కందిరీగ పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి, పురుగు పుట్టకముందే దాన్ని చంపేస్తుంది. మొక్కతోట తర్వాత కార్శి తోటను ఎన్నిసార్లు ఉంచుకోవచ్చు, దానికి నత్రజని ఎంత ఎక్కువ వేయాలి అన్నది సాగు శాస్త్రం చెప్పవలసిన మాట. ఒక ఎకరం చెరకు వెనుక ఇన్ని శాస్త్రాల పని ఉంది.

చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది 1937లో. 1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం దిగుమతి చక్కెర మీద రక్షణ సుంకం విధించడంతో దేశంలో చక్కెర మిల్లుల సంఖ్య కొద్ది ఏళ్లలో వంద దాటింది. అదే గాలిలో నిజాం ప్రభుత్వం బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని నెలకొల్పింది. 1938లో ఉత్పత్తి మొదలైంది. వేల ఎకరాల సొంత తోటలు, కాలనీ, ఆసుపత్రి, బడి, బోధన్ దాకా రైలు లైను అన్నీ దాని చుట్టూ పెరిగాయి. ఆసియాలోనే పెద్దదిగా ఒకప్పుడు దానికి పేరుండేది.

మిల్లు ఆవరణలో అందరికంటే గడియారాన్ని ఎక్కువ గమనించేది రసాయన శాస్త్రజ్ఞుడే. నరికిన గెడలో సుక్రోజు అలాగే ఉండిపోదు. ఎంజైముల వల్ల, సూక్ష్మజీవుల వల్ల గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. అవి స్ఫటికం కావు, మడ్డిలోకి పోతాయి. అందుకే నరికిన చెరకు 24 గంటల్లో గానుగ ఆడాలంటారు. మిల్లు గేటు బయట రెండు మూడు రోజులు నిలిచిన బండి రైతుకూ, మిల్లుకూ ఇద్దరికీ నష్టమే. రసాన్ని సున్నంతో, గంధకపు పొగతో శుద్ధి చేసి, తక్కువ ఒత్తిడిలో మరిగించి, స్ఫటికాలు కట్టిస్తారు. వంద కిలోల చెరకు నుంచి సుమారు 10 కిలోల చక్కెర, 30 కిలోల తడి పిప్పి, 4 కిలోల మడ్డి వస్తాయి. ఆ పదిలో ఒక్క కిలో అటూ ఇటూ అయినా మిల్లు లాభనష్టాలు తారుమారవుతాయి. చెరకు నుంచి దక్కే చక్కెర శాతానికి పేరైన రికవరీ అనే మాట రైతు నోటికి కూడా అలవాటైంది దానివల్లే. తోటలో రిఫ్రాక్టోమీటరుతో గెడ పక్వం చూసి నరుకుడు పర్మిట్ ఇవ్వాలని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. నాటిన తేదీ వరసలో, పలుకుబడి వరసలో పర్మిట్లు ఇచ్చే అలవాటు ఆ సలహాను చాలాచోట్ల వెనక్కి నెట్టింది.

మడ్డితో ఏం చేయాలన్నది మొదటి నుంచీ ఉన్న చిక్కు. ఈస్టు వేసి పులియబెడితే ఆల్కహాలు వస్తుంది. మామూలు బట్టీలో ఎన్నిసార్లు తీసినా 95 శాతం దాటి నీరు విడిపోదు. ఆ చివరి నీటిని కూడా తొలగిస్తేనే పెట్రోలులో కలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువైనప్పుడు ఈ పవర్ ఆల్కహాలు మైసూరు, హైదరాబాద్ వంటి సంస్థానాలకు ఆదుకునే వనరైంది. బోధన్ మడ్డి కూడా అందుకు పనికొచ్చింది. ఇప్పుడు దేశమంతా ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి మాట్లాడుకుంటోంది. ఆ ఆలోచనకు ఈ గడ్డ మీద ఎనభై ఏళ్ల వయసుంది. 1944లో హైదరాబాద్ ప్రభుత్వం కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనశాలను నెలకొల్పింది. సయ్యద్ హుస్సేన్ జహీర్ వంటి రసాయన శాస్త్రజ్ఞులు నడిపిన ఆ సంస్థే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. రాజ్యంలోని నూనెగింజలు, బొగ్గు, పిప్పి, మడ్డి వంటి ముడిసరుకులు ఎందుకు పనికొస్తాయో తేల్చగల శాస్త్రం హైదరాబాద్‌లో అలా ఇల్లు కట్టుకుంది.

ఇంత వైభవానికి ఆధారం నీరు. చెరకుకు పంటకాలంలో 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఇక్కడ ఏడాది వాన వెయ్యి మిల్లీమీటర్లు, అదీ నాలుగు నెలల్లో. మిగతాది నిజాంసాగర్ ఇవ్వాలి. జలాశయం కట్టినప్పుడు దాని సామర్థ్యం సుమారు 29.7 టీఎంసీలు. ఏటా 530 ఎకరా అడుగుల పూడిక చేరుతుందని అంచనా వేశారు. తర్వాతి సర్వేల్లో తేలిన వాస్తవం ఏటా 8,725 ఎకరా అడుగులు. అంచనాకు 16 రెట్లు. నలభై ఏళ్లు గడిచేసరికి సగానికి పైగా సామర్థ్యం మట్టి కింద పోయింది. 1970లలో గేట్లు మార్చి నీటిమట్టాన్ని 1405 అడుగులకు పెంచినా 17.8 టీఎంసీలే మిగిలాయి. జలాశయాల పూడిక గురించి మాట్లాడే భారతీయ ఇంజనీరింగ్ పుస్తకాల్లో నిజాంసాగర్ పేరు ఒక హెచ్చరికగా స్థిరపడింది.

తప్పు ఇంజనీర్ల లెక్కల్లో వెతకడం న్యాయం కాదు. ఆనకట్ట రాయి ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. లోపం పైనున్న 21,700 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో ఉంది. మంజీరా బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్, బీదర్ నల్లరేగళ్ల మీదుగా వస్తుంది. వానాకాలంలో బీడుగా ఉంచి రబీలో విత్తే ఆ నేల మొదటి గట్టి వానకే కోసుకుపోతుంది. అడవి తరిగి, సాగు వాలు భూముల మీదికి ఎక్కినకొద్దీ మట్టి పెరిగింది. ఆ మట్టిని పైనే ఆపే పద్ధతి కూడా ఇదే నదీ పరీవాహకపు అంచున పరిశోధకులకు తెలుసు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ 1976 నుంచి నల్లరేగడిలో ఎత్తు మడులు, కాలువల పద్ధతిని దీర్ఘకాలం పరీక్షించింది. వానాకాలంలోనే పైరు వేసి, నీటిని నెమ్మదిగా నడిపిస్తే హెక్టారుకు ఏటా ఆరు టన్నులకు పైగా కొట్టుకుపోయే మట్టి రెండు టన్నుల లోపుకు తగ్గింది. దిగుబడి కూడా కొన్ని రెట్లు పెరిగింది. నేల శాస్త్రం దగ్గర ఉన్న ఈ జవాబు నీటిపారుదల శాఖ పనిగా ఎన్నడూ మారలేదు. ఒకరు పొలాన్ని చూశారు, ఇంకొకరు గేట్లను చూశారు. ఈ ప్రాంతపు శాస్త్ర చరిత్రలో అన్నిటికంటే ఖరీదైన ఎడం ఇదే.

ఎగువన సింగూరు జలాశయం వచ్చి, మంజీరా నీరు హైదరాబాద్ తాగునీటికి మళ్లాక ఆయకట్టు చివరి భూములకు తడి అందడం మరీ కష్టమైంది. బోర్లు దిగాయి. చెరకు ధర, ఆలస్యపు చెల్లింపులు, నరుకుడు కూలీల కొరత రైతును వరి వైపు తిప్పాయి. రుద్రూరు మంచి రకాలు ఇస్తూనే ఉంది. కానీ రకం ఎంత మంచిదైనా డబ్బు సకాలంలో చేతికి రాకపోతే రైతు నాటడు. వంగడాల శాస్త్రం పరిష్కరించలేని ప్రశ్న అది, అర్థశాస్త్రం ముందుగానే పట్టించుకోవలసిన ప్రశ్న. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు మూడూ మూతపడ్డాయి. నిజామాబాద్ పక్కన సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకు ముందే ఆగిపోయింది.

చెరకు తగ్గాక జిల్లా పేరు పసుపుతో వినిపిస్తోంది. ఆర్మూరు, బాల్కొండ, కమ్మర్‌పల్లి ప్రాంతాల పసుపు నిజామాబాద్ యార్డులో కాడి (కొమ్ములు), గోళ (గుండ్రటి దుంపలు)గా రాశులు పోసి అమ్ముడవుతుంది. ఈ పంట మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం రైతుకు దూరంగా జరిగింది. 1815లో ఫ్రాన్స్‌లో వోగెల్, పెల్లెటియర్ పసుపు నుంచి కర్క్యుమిన్‌ను వేరుచేశారు. 1910లో పోలండ్ శాస్త్రజ్ఞులు దాని నిర్మాణాన్ని తేల్చారు. 1995లో అమెరికాలోని మిస్సిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన ఇద్దరు పరిశోధకులకు గాయాలు మాన్పే పసుపు గుణం మీద పేటెంటు దక్కింది. ఇక్కడి ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతి అది. శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను, 1953లో భారతీయ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని సాక్ష్యంగా చూపి 1997లో ఆ పేటెంటును రద్దు చేయించింది. సంప్రదాయ జ్ఞానాన్ని డిజిటల్ రూపంలో భద్రపరిచే జాతీయ గ్రంథాలయం రావడానికి ఈ వివాదమే ఒక కారణం. కర్క్యుమిన్ అన్ని రోగాలకూ మందు అన్న ప్రచారాన్ని మాత్రం ఔషధ రసాయన శాస్త్రం ఒప్పుకోలేదు. అది పేగు నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదని, ప్రయోగనాళికలో చూపిన ఫలితం మనిషిలో నిలబడలేదని 2017లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష తేల్చింది. పసుపు రైతు మేలు కోరేవాళ్లు కూడా ఈ మాటను నిజాయితీగా ఒప్పుకోవాలి.

అయినా మార్కెట్టులో కర్క్యుమిన్ శాతానికి విలువ ఉంది. మేఘాలయలోని లకడాంగ్ పసుపులో అది 7 శాతం దాటుతుంది. నిజామాబాద్ పసుపులో అంత ఉండదు. దుంపకుళ్ళు తట్టుకుని, తొమ్మిది నెలల లోపే చేతికొచ్చి, కర్క్యుమిన్ కూడా ఎక్కువగా ఉండే రకం ఏదో తేల్చడం కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన స్థానం ముందున్న పని. ఈ స్థానం కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంది. ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మెరుగు పెట్టడంలో రంగు, నూనె ఎంత పోతుందో కొలవడం ఆహార శాస్త్రం చేయవలసిన పని. ధర ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు లేస్తుంది అన్నది అర్థశాస్త్రం పని. 2019 లోక్‌సభ ఎన్నికల్లో గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం 178 మంది రైతులు నిజామాబాద్‌లో నామినేషన్ వేసి బరిలో నిలిచారు. మొత్తం 185 మంది అభ్యర్థులతో ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు జోడించాల్సి వచ్చింది.

ఆ కోరిక 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటనగా, 2025 జనవరి 14న దాని ప్రారంభంగా నెరవేరింది. ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. కమ్మర్‌పల్లి రకాల ఎంపికను, రుద్రూరు ఆహార సాంకేతిక కళాశాల శుద్ధి పరిజ్ఞానాన్ని, డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయపు రసాయన, ఆర్థిక శాఖలను కలిపి పనిచేయించే అవకాశం ఈ బోర్డుకు ఉంది. ఆ మూడూ ఒకే జిల్లాలో, నిజామాబాద్ యార్డుకు రోజులో వెళ్లి రాగల దూరంలో ఉన్నాయి. బోర్డు తన మొదటి పరిశోధన నిధులను వాటికి ఉమ్మడిగా కేటాయించాలి.